నీరు కారే పొడి కన్ను

దేవతలను అనిమిషులు అంటారు. వారికి రెప్పపాటు లేదు. మానవులకు ఉంది. వసిష్ఠ మహర్షి శాపం వలన దేహాన్ని కోల్పోయిన నిమి చక్రవర్తి ప్రాణుల కనురెప్పలపై నివసిస్తున్నాడని పురాణగాథ. ఆ గాథను ఇక్కడ స్మరించడానికి కారణం ఉంది. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే తల్లులు, సిరిసిల్లలో సాంచాల నడుమ తెగిన పోగును వెదికే కార్మికులు, పని ధ్యాసలో తామే అనిమిషులైపోతున్నారు.

సాధారణంగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వాలుస్తాము. చూపు దగ్గరి వస్తువుపై నిలిచినప్పుడు ఈ సంఖ్య సగానికి, ఒక్కొక్కసారి అంతకంటె తక్కువకు పడిపోతుంది. కన్నీటి పొరలో జిగురు, నీరు, నూనె ఉంటాయి. నూనె రెప్పల అంచులలోని సన్నని గ్రంథుల నుండి వస్తుంది. రెప్ప పూర్తిగా మూసుకున్న ప్రతిసారీ అది కొద్దిగా వెలువడి నీటిపై పరచుకొని, ఆవిరి కాకుండా కాపాడుతుంది. రెప్పపాటు తగ్గితే నూనె గ్రంథులలోనే గడ్డకడుతుంది. నీరు త్వరగా ఆరిపోతుంది. దీనికి పొగాకు ధూళి, నూలు పీచు, పసుపు ఉడికించే రోజులలోని పొగ, ముఖానికి ఎదురుగా తిరిగే ఫ్యాను తోడవుతాయి. పని ముగిసిన తరువాత గల్ఫ్‌లో ఉన్న బిడ్డతో ఫోనులో మాట్లాడుతూ తెరవంక చూసే గంట కూడా ఆ లెక్కలోనిదే.

విచిత్రమేమిటంటే, ఈ వ్యాధి ఉన్న చాలామందికి కళ్ల నుండి నీరు ధారగా కారుతుంది. ఆరిన కన్ను మండగానే శరీరం ఒక్కసారిగా నీటిని వదులుతుంది. ఆ నీటిలో తగినంత నూనె, జిగురు లేనందున అది నిలువదు. కనుక “నీరు కారుతున్న కంటికి పొడిదనమేమిటి?” అన్న సందేహం వద్దు. ఇసుక పడినట్లు గరగర, సాయంత్రానికి మసక, రెప్ప వాల్చగానే చూపు కొంత తేటపడటం దీని గుర్తులు.

ఇంటిలో చేయవలసిన ముఖ్యమైన పని కాపడం. శుభ్రమైన బట్టను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, వేడిని మణికట్టుపై పరీక్షించి, మూసిన కళ్లపై 5 నుండి 10 నిమిషాలు ఉంచాలి. బట్ట త్వరగా చల్లారుతుంది. మరల మరల ముంచవలసిందే. పిదప పై రెప్పను క్రిందికి, క్రింది రెప్పను పైకి వేలితో మృదువుగా నిమరాలి. ఉదయం, రాత్రి చేయండి. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే మానినవారికి గుణం కనిపించదు. ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి. హారతిని కళ్లకద్దుకునే చేతులకైనా పొగాకు అంటి ఉండరాదు.

బీడీల కూలి వెయ్యికి లెక్క. పని మానుమని చెప్పడం సులభమే, కూలి పోగొట్టుకునేది ఆ తల్లి. అందువలన పని ఆపనవసరం లేని ఉపాయం: ఒక కట్ట కట్టిన ప్రతిసారీ తల ఎత్తి, దూరంగా చూసి, పది సార్లు రెప్పలు నిండుగా మూసి తెరవండి. ఫ్యాను గాలిని ముఖం నుండి ప్రక్కకు మళ్లించండి.

కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ వంటి కన్నీటి చుక్కలు ఉపశమనమిస్తాయి. రోజుకు నాలుగు సార్లకు మించి అవసరమైతే నిల్వ రసాయనం కలపనివి అడగండి. తేనె, ఆముదం, ఉల్లిరసం, తల్లిపాలు కంటిలో వేయరాదు.

అన్నిటికంటె భయపడవలసింది, ఎరుపు తగ్గుతుందని వైద్యుని చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ చుక్కలు. రెండు రోజులలో హాయి కలుగుతుంది; అందుకే మరల కొంటారు. నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండానే దృష్టి నరం దెబ్బతినవచ్చు. అలా పోయిన చూపు తిరిగి రాదు. శుక్లము కూడా త్వరగా రావచ్చు.

తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చిక్కని పుసి, నల్లగుడ్డుపై తెల్లమచ్చ, చూపు తగ్గడం కనిపిస్తే ఆ రోజే కంటి వైద్యుని దర్శించండి. నోరు ఎండిపోవడం, కీళ్లనొప్పులు తోడుగా ఉంటే అవి కూడా చెప్పండి. జలుబుకు, దురదకు వాడే కొన్ని మాత్రలు సైతం కన్నును ఆరబెడతాయి. కనుక వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన మాత్రలను, చుక్కమందుల సీసాలను, ఖాళీవైనా సరే, వెంట తీసుకొని వెళ్లండి.