‘పెద్దతనం కదా’ అని వదిలేయొద్దు.. వృద్ధుల్లో కుంగుబాటుకు సాయం ఎక్కడ?

అన్నం సహించట్లేదంటారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందంటారు. ఒకరోజు నడుము నొప్పి, మరోరోజు గుండె దడ. పరీక్షలు చేయిస్తే అన్నీ బాగానే ఉంటాయి. ‘పెద్దతనం కదా, మామూలే’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. చాలామంది వృద్ధుల్లో కుంగుబాటు ఇలాగే ఎవరికీ తెలియకుండా ఉండిపోతోంది.

కేంద్ర ఆరోగ్యశాఖ తరఫున 2017-18లో మొదలైన ‘లాసి’ సర్వేలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 8 శాతం మందికి తీవ్ర కుంగుబాటు ఉన్నట్లు తేలింది. తమకు ఈ జబ్బు ఉందని వైద్యులు నిర్ధారించారని చెప్పినవారు మాత్రం ఒక శాతం లోపే. అంటే బాధపడుతున్నవారిలో అత్యధికులు డాక్టర్ దాకా వెళ్లడమే లేదు.

ఎలా గుర్తించాలి?

పెద్దవాళ్లు ‘మనసు బాగోలేదు’ అని చెప్పడం తక్కువ. ఒంటి నొప్పులు, నీరసం, నిద్రలేమి గురించే చెబుతారు. ఇష్టమైన సీరియల్, గుడి, అరుగు మీద కబుర్లు మానేయడం, ‘నేనెవరికీ పనికిరాను’, ‘దేవుడు తీసుకుపోతే బాగుండు’ అని తరచూ అనడం వంటివి రెండు వారాలకు మించి కొనసాగితే డాక్టర్‌కు చూపించాలి. భర్త లేదా భార్య పోయాక, పిల్లలు విదేశాలకు వెళ్లాక, పక్షవాతం లేదా గుండెపోటు వచ్చాక మరింత జాగ్రత్తగా గమనించాలి.

మతిమరుపా? కుంగుబాటా?

ఈ రెండూ పైకి ఒకేలా కనిపించొచ్చు. డిమెన్షియా సాధారణంగా నెలలు, ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. మరిచిపోతున్న సంగతి చాలాసార్లు ఆ మనిషికే తెలియదు. కుంగుబాటు వల్ల వచ్చే మతిమరుపు కొన్ని వారాల్లోనే బయటపడుతుంది. ‘నాకేమీ గుర్తుండట్లేదు’ అని వాళ్లే బాధపడతారు. చికిత్సతో ఇది చాలావరకు తగ్గుతుంది. థైరాయిడ్ సమస్య, బి12 లోపం, వినికిడి తగ్గడం, కొన్ని మందుల ప్రభావం కూడా ఇలాంటి లక్షణాలకు కారణం కావొచ్చు. కాబట్టి ముందు వాటికి పరీక్షలు చేయించాలి.

ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమకపడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం మొదలైతే ఆలస్యం చేయొద్దు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా, రక్తంలో సోడియం పడిపోయినా ఇలా కావొచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఎవరికి ఫోన్ చేయాలి?

టెలీ మానస్ – 14416: కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. వృద్ధుల తరఫున కుటుంబసభ్యులూ చేయొచ్చు.

ఎల్డర్ లైన్ – 14567: వృద్ధుల కోసమే ఉన్న హెల్ప్‌లైన్. 2017లో హైదరాబాద్‌లో టాటా ట్రస్ట్స్, తెలంగాణ ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన సేవే తర్వాత దేశమంతటా విస్తరించింది. ఒంటరితనం, పింఛన్, వృద్ధాశ్రమాల సమాచారం, ఇంట్లో వేధింపులు.. వేటి గురించైనా అడగొచ్చు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది.

ప్రాణం తీసుకుంటానని అంటుంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, మిగిలిపోయిన మాత్రలు అందకుండా దాచి, 108కు ఫోన్ చేయాలి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అడిగితేనే లోపలి బాధ బయటికొస్తుంది.

ఏ ఆస్పత్రికి వెళ్లాలి?

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవచ్చు. ఆపైన జిల్లా ఆస్పత్రి, ప్రభుత్వ బోధనాస్పత్రుల్లోని సైకియాట్రీ విభాగం. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ సేవల ద్వారా మానసిక చికిత్స పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి హక్కు.

వాడుతున్న బీపీ, షుగర్ మాత్రలన్నీ వెంట తీసుకెళ్లండి. కుంగుబాటు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా ఆపేయొద్దు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు వేసుకుంటే వృద్ధులు తూలి పడి ఎముకలు విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది.

పిల్లలే పట్టించుకోకపోతే?

కొందరి కుంగుబాటుకు కారణం ఇంట్లోనే ఉంటుంది. అలాంటప్పుడు మాత్రలొక్కటే సరిపోవు. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని అడిగే వీలూ ఇదే చట్టంలో ఉంది. దరఖాస్తు ఎలా చేయాలో 14567లో చెబుతారు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

రోజూ ఒకే వేళకు పలకరించండి. దూరంగా ఉంటే ఫోన్‌లో ‘తిన్నావా, మందులేసుకున్నావా’తో ఆపేయకుండా, ఏదో ఒక విషయంలో సలహా అడగండి. కూరగాయలు తేవడం, మనవడికి లెక్కలు చెప్పడం లాంటి పనులు చేయగలిగినంతవరకు వాళ్ల చేతుల్లోనే ఉంచండి. వినపడకపోతే వినికిడి యంత్రం, చూపు మందగిస్తే శుక్లాల ఆపరేషన్ వాయిదా వేయొద్దు. నలుగురిలో కూర్చున్నా మాట వినపడకపోతే అదీ ఒంటరితనమే.