మీకు తెలుసా? బహుమతి ఆశ చూపితే బొమ్మలు తగ్గాయి!

ఇష్టంగా చేసే పనికి బహుమతి ఆశ చూపితే ఆ ఇష్టమే సన్నగిల్లవచ్చు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం 1973లో అచ్చయింది. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ముందునుంచే సరదా ఉన్న 3-5 ఏళ్ల పిల్లలనే ఎంచుకున్నారు. కొందరికి గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఇంకొందరికి గీశాక, చెప్పకుండా చేతిలో పెట్టారు. మిగిలినవారికి ఏమీ లేదు.

ఒకటి రెండు వారాలయ్యాక తరగతిలో పెన్నులు మామూలుగా ఉంచి చూస్తే, ముందే ఆశపడ్డ పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే గీశారు. అనుకోకుండా సర్టిఫికెట్ అందుకున్నవారిలో మాత్రం ఉత్సాహం తగ్గలేదు. నా దృష్టిలో అసలు విశేషం ఇదే: చిక్కు బహుమతిలో లేదు, ముందస్తు బేరంలో ఉంది.