ఇండియన్‌ను పెళ్లి చేసుకుంటే పౌరసత్వం వచ్చేస్తుందా? ఫారం-3 నింపే ముందు ఈ ఏడేళ్ల లెక్క చూసుకోండి

పెళ్లయింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆధార్ కూడా వచ్చేసింది. ఇంకేముంది, విదేశీ కోడలు (లేదా అల్లుడు) ఇండియన్ అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది. కానీ చట్టం అలా చెప్పడం లేదు. పెళ్లితో వచ్చేది దరఖాస్తు చేసుకునే అవకాశం మాత్రమే. ఆ దరఖాస్తు నిలబడాలంటే రోజుల లెక్క సరిపోవాలి. ఆ లెక్క ఎలా వేయాలో, ఎక్కడ తేడా కొడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

గౌలిగూడలో ఒక కుటుంబం ఉందనుకుందాం. అబ్బాయి అక్కడే పుట్టి పెరిగాడు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకోడానికి కెన్యా నుంచి వచ్చిన అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. అత్తగారికి కోడలంటే ప్రాణం. "ఆధార్ అచ్చింది గదా, ఇగ ఓటర్ కార్డు గూడ తీస్కుంటే అయిపాయె" అంటుంది. ప్రేమతో అన్న మాటే. కానీ ఆ మాట వింటే కోడలు చిక్కుల్లో పడుతుంది. ఎందుకో కాసేపట్లో చెప్పుకుందాం.

అసలు చట్టం ఏమంటోంది?

1955 నాటి పౌరసత్వ చట్టంలో సెక్షన్ 5(1)(సి) ఈ విషయం గురించే. భారత పౌరుణ్ని గానీ, పౌరురాలిని గానీ పెళ్లి చేసుకుని, దరఖాస్తుకు ముందు ఏడేళ్లు ఇండియాలో నివాసం ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్ ద్వారా పౌరసత్వం అడగొచ్చు. మొదట్లో ఈ అవకాశం భారతీయుల భార్యలకే ఉండేది. 1986 సవరణతో భర్తలకూ వచ్చింది. అప్పుడు ఐదేళ్ల నివాసం చాలు. 2003 సవరణ దాన్ని ఏడేళ్లు చేసింది.

పెళ్లికీ పౌరసత్వానికీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో అందరికీ తెలిసిన ఉదాహరణే ఉంది. సోనియా గాంధీ పెళ్లి 1968లో జరిగింది. ఆమె భారత పౌరురాలిగా రిజిస్టర్ అయింది 1983లో.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. చట్టం అడుగుతున్నది ఏడేళ్ల నివాసం, ఏడేళ్ల కాపురం కాదు. నివాసం మొత్తం పెళ్లి తర్వాతే ఉండాలని ఆ క్లాజులో లేదు. మన ఉదాహరణలో కోడలు స్టూడెంట్ వీసా మీద సక్రమంగా ఉన్న రోజుల రికార్డు కూడా అందుకే జాగ్రత్తగా దాచుకోవాలి.

ఏడేళ్లంటే ఎలా లెక్కపెట్టాలి?

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఏడేళ్లను రెండు ముక్కలుగా చూడాలి.

మొదటి ముక్క: దరఖాస్తు పెట్టే రోజుకు సరిగ్గా ముందున్న 12 నెలలు. ఆ ఏడాదంతా ఇండియాలోనే ఉండాలి.

రెండో ముక్క: ఆ 12 నెలలకు ముందున్న 8 ఏళ్లు. అందులో అన్నీ కలిపి కనీసం 6 ఏళ్లు ఇండియాలో ఉండాలి.

అంటే మొత్తం తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లి లెక్క చూస్తారన్నమాట. కోడలు 2026 జూన్ 1న దరఖాస్తు పెడుతుందనుకోండి. 2025 జూన్ 1 నుంచి 2026 మే 31 దాకా ఆమె ఇక్కడే ఉండాలి. 2017 జూన్ 1 నుంచి 2025 మే 31 దాకా ఉన్న ఎనిమిదేళ్లలో ఆరేళ్లు ఉంటే చాలు. పుట్టింటికి వెళ్లిరావడానికి, కాన్పుకి, అన్నీ కలిపి రెండేళ్ల వరకు వెసులుబాటు ఉన్నట్టు.

మరి ఆ చివరి 12 నెలల్లో తల్లికి ఒంట్లో బాగోలేదని కబురొస్తే? వెళ్లకుండా ఎలా ఉంటారు? 2015లో చేసిన సవరణ ఇందుకు కొంత ఊరట ఇచ్చింది. ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయని కేంద్రం భావిస్తే, కారణాలు రాసి, గరిష్ఠంగా 30 రోజుల వరకు మినహాయింపు ఇవ్వొచ్చు. ఆ 30 రోజులు ఒకేసారి కాకుండా విడివిడిగా ఉన్నా పర్వాలేదు. అయితే అది కేంద్రం ఇష్టం, మన హక్కు కాదు. కాబట్టి వీలైతే ప్రయాణం అయ్యాక, మళ్లీ 12 నెలలు నిండాక దరఖాస్తు పెట్టడమే మేలు.

ప్రయాణం దాస్తే ఏమవుతుంది? వేములవాడ కేసు చూడండి

"నాలుగు రోజుల ట్రిప్పే కదా, రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?" అనుకునేవాళ్లు వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ కేసు తెలుసుకోవాలి. ఆయనది పెళ్లి ద్వారా పెట్టుకున్న దరఖాస్తు కాదు, అదే సెక్షన్‌లో వేరే క్లాజు. కానీ గొడవంతా దరఖాస్తుకు ముందున్న 12 నెలల మీదే.

జర్మనీ పౌరసత్వం తీసుకున్న ఆయన 2008 మార్చిలో తిరిగి భారత పౌరసత్వం కోసం దరఖాస్తు చేశారు. 2009 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఏడాదే ఎమ్మెల్యే అయ్యారు. దరఖాస్తుకు ముందు ఏడాదిలో విదేశాలకు వెళ్లిన విషయం చెప్పలేదని ఫిర్యాదు వెళ్లింది. కేంద్ర హోంశాఖ 2017లో ఒకసారి, 2019 నవంబర్‌లో మరోసారి ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. చివరికి 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. 30 లక్షల రూపాయలు ఖర్చుల కింద కట్టమంది.

అంటే పౌరసత్వం చేతికొచ్చాక కూడా ఫైలు మూసేసినట్టు కాదు. మోసం, తప్పుడు సమాచారం, ముఖ్యమైన విషయం దాచడం వల్ల పొందిన రిజిస్ట్రేషన్‌ను సెక్షన్ 10 కింద కేంద్రం రద్దు చేయొచ్చు. పదిహేనేళ్ల తర్వాతైనా సరే. అందుకే ఫారంలో వెళ్లిన ప్రతి తేదీ, వచ్చిన ప్రతి తేదీ రాయండి.

దీనికి సింపుల్ పద్ధతి ఒకటుంది. పాత, కొత్త పాస్‌పోర్టులన్నీ ముందు పెట్టుకోండి. ఇమిగ్రేషన్ స్టాంపులు చూస్తూ ఒక కాగితం మీద దేశం దాటిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, మధ్యలో ఎన్ని రోజులు అనే మూడు గడులు గీసి నింపండి. కూడిక సరిపోతేనే ఫారం మొదలుపెట్టండి. గడువు తీరింది కదా అని పాత పాస్‌పోర్టు పారేయొద్దు.

ఆధార్ వేరు, ఓటు వేరు

ఇప్పుడు అత్తగారి మాటకు వద్దాం. ఆధార్ అనేది ఇక్కడ నివాసం ఉంటున్నారని చెప్పే కార్డు. విదేశీయులు కూడా ముందు 12 నెలల్లో 182 రోజులు ఇండియాలో ఉంటే తీసుకోవచ్చు. అది పౌరసత్వానికి రుజువు కాదు. ఓటు మాత్రం పౌరులకే. పౌరసత్వం రాకముందే "నేను భారత పౌరురాలిని" అని ఓటరు ఫారంలో సంతకం పెడితే తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1950 ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పైగా రేపు పౌరసత్వం ఫైలు పరిశీలనలో అదే అడ్డంకి అవుతుంది. ఏ ఏజెంటైనా "ముందు ఓటర్ కార్డు చేయిద్దాం, తర్వాత ఈజీ అవుతుంది" అంటే వెంటనే వద్దనండి.

వీసా గడువు దాటిందా? అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదే

వీసా గడువు అయిపోయినా ఇక్కడే ఉండిపోతే చట్టం దృష్టిలో అక్రమ వలసదారు అవుతారు. అక్రమ వలసదారుకు సెక్షన్ 5 కింద దరఖాస్తు అవకాశమే లేదు. అంతేకాదు, పుట్టబోయే బిడ్డ మీదా ఆ ప్రభావం పడుతుంది. 2004 డిసెంబర్ 3 తర్వాత ఇండియాలో పుట్టిన పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి, రెండోవారు ఆ సమయానికి అక్రమ వలసదారు కాకూడదు. తండ్రి గౌలిగూడవాడే అయినా, తల్లి వీసా ముగిసిపోయి ఉంటే బిడ్డ విషయంలో ప్రశ్న తలెత్తుతుంది. అందుకే వీసా పొడిగింపు తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకుని మరీ గుర్తుంచుకోవాలి. పొడిగింపు దరఖాస్తులు ఇప్పుడు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు.

ఫారం-3 ఎక్కడ, ఎలా?

పెళ్లి ఆధారంగా పెట్టే దరఖాస్తు ఫారం-3. కేంద్ర హోంశాఖ నడిపే ఇండియన్ సిటిజన్‌షిప్ ఆన్‌లైన్ పోర్టల్‌లో నింపాలి. దగ్గర ఉంచుకోవాల్సినవి:

• గడువు ఉన్న విదేశీ పాస్‌పోర్టు, వీసా లేదా నివాస పర్మిట్
• రిజిస్ట్రార్ ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్. గుడిలో, చర్చిలో, మసీదులో పెళ్లి ఎక్కడ జరిగినా రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా చేయించుకోండి
• భర్త లేదా భార్య భారత పౌరులని చూపే పాస్‌పోర్టు లేదా బర్త్ సర్టిఫికెట్

పేరు దగ్గర మన తెలుగువాళ్లకు ఒక చిక్కు ఉంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, అదీ పేరుకు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో ఒక పేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉంటే ఫైలు అక్కడే ఆగే ప్రమాదం ఉంది. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయండి. తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి.

ఆన్‌లైన్‌లో నింపాక ప్రింట్ తీసి, సంతకం చేసి, కాగితాలతో కలిపి కలెక్టర్‌కు ఇవ్వాలి. గౌలిగూడవాళ్లకు ఇది దూరమేం కాదు.  నిబంధనల ప్రకారం కలెక్టర్ 60 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వానికి, రాష్ట్రం 30 రోజుల్లో కేంద్రానికి పంపాలి. తుది నిర్ణయం కేంద్ర హోంశాఖదే. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు, ఫైలు నంబరు తీసుకోవడం మర్చిపోవద్దు.

సొంత దేశం పౌరసత్వం ఎప్పుడు వదులుకోవాలి?

ఇండియాలో ద్వంద్వ పౌరసత్వం లేదు. కాబట్టి కోడలు కెన్యా పౌరసత్వం వదులుకోవాల్సిందే. కానీ తొందరపడొద్దు. దరఖాస్తు సమయంలో "మంజూరైతే వదులుకుంటాను" అని హామీ మాత్రమే ఇవ్వాలి. దరఖాస్తు ఆమోదించామని హోంశాఖ నుంచి లేఖ వచ్చాకే వదులుకుని, ఆ రుజువు సమర్పించాలి. ముందే వదిలేస్తే, ఇక్కడ ఫైలు తేలకపోతే, ఏ దేశం పాస్‌పోర్టూ లేకుండా మిగిలిపోతారు. లేఖ వచ్చాక విధేయతా ప్రమాణం, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. రిజిస్టర్ అయిన రోజు నుంచే పౌరసత్వం.

అప్పటిదాకా ఓసీఐ కార్డు

పెళ్లి రిజిస్టరై రెండేళ్లు కాపురం నిలిస్తే విదేశీ భార్య లేదా భర్త ఓసీఐ కార్డుకు అర్హులు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవారికి ఈ కార్డు ఇవ్వరు. ఓసీఐ ఉంటే వీసా బెంగ తీరుతుంది. కానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనలేరు, భారత పాస్‌పోర్టు రాదు. విడాకులైతే కార్డు రద్దు చేయొచ్చు. అయితే ఓసీఐ తీసుకుని ఐదేళ్లయి, చివరి 12 నెలలు ఇక్కడే ఉన్నవారు సెక్షన్ 5(1)(జి) కింద కూడా పౌరసత్వం అడగొచ్చు. ఆ దారికి ఫారం వేరు. రెండింట్లో ఏ లెక్క ముందు పూర్తవుతుందో చూసుకుని ఒకటి ఎంచుకోండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇప్పుడున్న చట్టంలో "పెళ్లి చేసుకుని ఉన్న" వ్యక్తి అనే ఉంది. పాత చట్టంలోలా "పెళ్లయి ఉండిన" అనే మాట లేదు. కాబట్టి అర్హత వచ్చాక "వచ్చే ఏడు చూద్దాంలే" అని వాయిదా వేయకండి. గౌలిగూడ ఇంట్లో అత్తగారు ఈసారి ఓటర్ కార్డు మాట ఎత్తితే, కోడలి పాత పాస్‌పోర్టులు ఏ బీరువాలో పెట్టారో అడగండి. ఇప్పుడు ఎక్కువ పనికొచ్చేది అవే.