ఉచితం – ఔచిత్యం

సంస్కృతంలో ‘ఉచితం’ అంటే తగినది, యోగ్యమైనది అని అర్థం. సముచితం, అనుచితం, ఔచిత్యం అనే మాటల్లో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది. తెలుగు వ్యవహారంలో మాత్రం వెల లేకుండా లభించే వస్తువుకు ‘ఉచితం’ అనే పేరు స్థిరపడింది. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని 11వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. కావ్యంలో ఏ పదం ఎక్కడ తగునో కవి విచారించినట్లే, కంప్యూటరులో ఏ సాధనం ఏ పనికి తగునో వినియోగదారుడు విచారించాలి. వెల లేకుండా దొరికినదల్లా తగినది కాకపోవచ్చు. డిస్కులపై సమాచారాన్ని రాసే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకొనే సందర్భంలో ఈ భేదం స్పష్టంగా గోచరిస్తుంది.

ఫిలిప్స్, సోనీ సంస్థలు రూపొందించిన కాంపాక్ట్ డిస్కు 1982లో విపణిలోకి వచ్చింది. దాని వ్యాసం 12 సెంటీమీటర్లు. సాధారణమైన సీడీలో 700 మెగాబైట్లు, ఒక పొర గల డీవీడీలో 4.7 గిగాబైట్లు, బ్లూరే డిస్కులో 25 గిగాబైట్ల సమాచారం ఇముడుతుంది. రాయడానికి వీలైన సీడీలో పాలీకార్బొనేట్ పలకపై పలుచని రంగుపూత ఉంటుంది. లేజరు కిరణం ఆ పూతను వేడిచేసి గుర్తులు ఏర్పరుస్తుంది. అందువల్లనే ఈ పనికి ‘బర్న్ చేయడం’ అనే పేరు వచ్చింది. తాటాకుపై గంటంతో గీసిన అక్షరం వలెనే, సీడీ–ఆర్ డిస్కుపై ఒకసారి రాసినదానిని చెరిపి తిరగరాయడానికి వీలుండదు. పెన్‌డ్రైవులు, ఇంటర్నెట్ నిల్వలు వచ్చిన తరువాత డిస్కుల వాడకం బాగా తగ్గింది. అయినప్పటికీ, మార్చడానికి వీలులేని ప్రతిని భద్రపరచవలసిన చోట వాటి ప్రయోజనం పూర్తిగా తీరిపోలేదు.

ఒక జూనియర్ కళాశాల తన పరిసర గ్రామాల వృద్ధుల నోట విన్న జానపద గేయాలను రికార్డు చేసి, గ్రంథాలయం కోసం డిస్కులపై భద్రపరచదలచిందని అనుకుందాం. సాఫ్ట్‌వేర్ కొనడానికి నిధులు లేవు. విద్యార్థులు ఇంటర్నెట్‌లో వెదికితే ‘ఉచితం’ అని ప్రకటించుకొనే సాఫ్ట్‌వేర్‌లు అనేకం కనిపిస్తాయి. వాటిలో దేనిని గ్రహించాలి? దేనిని విడిచిపెట్టాలి?

ముందుగా కంప్యూటరులో ఉన్నదేమిటో చూడాలి. ఫైళ్లను డిస్కుపై రాసే ఏర్పాటు విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీ నుండి ఉంది. డిస్కు ప్రతిబింబమైన ఐఎస్ఓ ఫైలును రాసే సదుపాయం 2009లో విండోస్ 7తో చేరింది. సాధారణ అవసరాలకు ఇదే చాలు. ఇంతకు మించిన పని ఉన్నప్పుడే వేరొక సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాలి.

వెల లేని సాఫ్ట్‌వేర్‌లు స్థూలంగా మూడు విధాలు. మొదటిది పరిమిత కాలం మాత్రమే పనిచేసే ప్రయోగ సంచిక. గడువు తీరగానే ఇది మూల్యం కోరుతుంది. రెండవది ‘ఫ్రీవేర్’. దీనికి డబ్బు చెల్లించనక్కరలేదు; అయితే దాని మూలరచన, అనగా సోర్స్ కోడ్, యజమాని వద్దనే ఉంటుంది. వాడుక నిబంధనలను అతడే నిర్ణయిస్తాడు. మూడవది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళికతో ఈ ఉద్యమం ఆరంభమైంది. ఏ ప్రయోజనానికైనా వాడుకోవడం, మూలరచనను పరిశీలించి మార్చుకోవడం, ప్రతులను ఇతరులకు పంచడం, మార్చిన ప్రతులను కూడా పంచడం అనే నాలుగు స్వేచ్ఛలను ఇది వాడుకరికి ఇస్తుంది. ఈ స్వేచ్ఛలను చట్టబద్ధంగా రక్షించడానికి 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వెలువడింది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒకే మాట ఉచితానికీ స్వేచ్ఛకూ చెల్లుతుంది కనుక అక్కడ అయోమయం ఏర్పడింది. తెలుగులో రెండు వేర్వేరు మాటలు ఉండడం మనకు కలిసివచ్చిన అంశం.

డబ్బు ప్రసక్తి లేనిచోట కూడా లైసెన్సు ఎంత ముఖ్యమో తెలిపే ఘట్టం డిస్కు రాసే సాఫ్ట్‌వేర్ చరిత్రలోనే ఉంది. జర్మనీకి చెందిన యోర్గ్ షిల్లింగ్ రూపొందించిన ‘సీడీరికార్డ్’ లినక్సు వాడుకరులకు చిరకాలం ప్రధాన సాధనంగా ఉండేది. 2006లో ఆయన తన సాఫ్ట్‌వేర్‌లో అధిక భాగాన్ని జీపీఎల్ నుండి సీడీడీఎల్ అనే మరొక లైసెన్సుకు మార్చాడు. రెండూ స్వేచ్ఛా లైసెన్సులే. కాని ఆ రెండింటి నిబంధనలను ఒకే కూర్పులో ఏకకాలంలో పాటించడం సాధ్యం కాదని డెబియన్ సంస్థ నిర్వాహకులు భావించారు. షిల్లింగ్ ఆ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. చివరకు డెబియన్ వారు జీపీఎల్ కింద ఉన్న పాత సంచికను ఆధారంగా తీసుకొని, ‘సీడీఆర్‌కిట్’ అనే వేరొక శాఖను ఆరంభించారు. 2021లో షిల్లింగ్ మరణించే నాటికి కూడా ఆ విభేదం సమసిపోలేదు. ఈ వివాదంలో ఎవరూ ఎవరినీ రూపాయి అడగలేదు. చర్చ అంతా హక్కుల గురించే సాగింది. పాత సంచిక స్వేచ్ఛగా లభించింది కనుకనే ఇష్టం లేనివారు తమ మార్గాన తాము పోగలిగారు. యజమాని చేతిలోనే ఉండే ఫ్రీవేర్ విషయంలో ఇట్టి అవకాశం ఉండదు.

లైసెన్సును పరిశీలించడం కష్టమైన పనేమీ కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెరపై నిబంధనల పాఠం ప్రత్యక్షమవుతుంది. చాలామంది దానిని చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అనే గుర్తును నొక్కుతారు. చదవకుండా చేసిన సంతకం వంటిదే ఆ అంగీకారం. ఆ పాఠంలో మూడు ప్రశ్నలకు సమాధానం వెదకాలి. ఇది వ్యక్తిగత వాడుకకేనా, సంస్థలకూ వర్తిస్తుందా? ప్రతులను ఇతరులకు ఇవ్వవచ్చునా? గడువు ఏదైనా ఉందా? ఇంటిలో విద్యార్థి వాడుకోదగిన సాఫ్ట్‌వేర్, కళాశాల కంప్యూటరులో వాడదగినది కాకపోవచ్చు. ఉదాహరణకు, బర్న్‌అవేర్ ఉచిత సంచిక వాణిజ్యేతర వాడుకకు ఉద్దేశించినది. సీడీబర్నర్ ఎక్స్‌పీ మూలరచనను బయటపెట్టని ఫ్రీవేరే అయినా, సంస్థలు కూడా వెల లేకుండా వాడుకొనే అనుమతిని ఇచ్చింది. లినక్సులో లభించే కే3బీ, బ్రసేరో అనేవి జీపీఎల్ కింద వెలువడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లు.

సాఫ్ట్‌వేర్‌ను దాని తయారీదారుల సొంత వెబ్‌సైటు నుండే తెచ్చుకోవడం క్షేమం. అక్కడ కూడా జాగరూకత అవసరమే. 2013లో వెలువడిన ఇమ్‌గ్‌బర్న్ 2.5.8.0 సంచికతో పాటు ‘ఓపెన్‌కాండీ’ అనే ప్రకటనల భాగం కూడా వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ముందుగానే టిక్కు పెట్టి ఉన్న గడులను గమనించి, అక్కరలేనివాటిని తొలగించాలి.

వెల గల సాఫ్ట్‌వేర్‌ను దొంగచాటుగా ‘క్రాక్’ చేసిన ప్రతితో పని గడుపుకోవడం చాలాచోట్ల కనిపించే దురాచారం. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతిగా పరిగణిస్తుంది. హక్కులను ఉల్లంఘించిన ప్రతి అని తెలిసీ దానిని కంప్యూటరులో వాడినవారికి, ఆ చట్టంలోని 63బి సెక్షను ప్రకారం 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. లాభాపేక్ష లేనప్పుడు న్యాయస్థానం జైలుశిక్షను మినహాయించవచ్చు. నేరం మాత్రం నేరమే.

లైసెన్సు సరిపోయినంత మాత్రాన ఎంపిక పూర్తి కాదు. పనితనాన్ని కూడా చూడాలి. తెలుగువారికి ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. డిస్కులపై ఫైళ్లను అమర్చే ఐఎస్ఓ 9660 అనే మౌలిక పద్ధతి, ఫైళ్ల పేర్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు, అడుగు గీత తప్ప ఇతర లిపులను అంగీకరించదు. తెలుగు పేర్లు నిలవాలంటే జోలియట్ లేదా యూడీఎఫ్ పద్ధతిని ఎంచుకొనే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. జోలియట్‌లో పేరుకు 64 సంకేతాలే హద్దు. తెలుగులో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికే 6 సంకేతాలు పడతాయి. కనుక గేయాల పేర్లు క్లుప్తంగా ఉండడం మేలు. రాసిన తరువాత డిస్కును మూలంతో పోల్చి చూసే ‘వెరిఫై’ సదుపాయం కూడా తప్పక ఉండాలి. తప్పుగా రాసిన డిస్కు పైకి మంచి డిస్కులాగానే కనిపిస్తుంది. లోపం బయటపడేనాటికి మూలం అందుబాటులో లేకపోవచ్చు. పాట పాడిన వృద్ధురాలు అప్పటికి జీవించి లేకపోతే ఆ నష్టం తీరనిది.

సాధనం మీద హక్కు వేరు, సామగ్రి మీద హక్కు వేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో రాసినంత మాత్రాన ఇతరుల పాటలను పంచే హక్కు రాదు. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి 60 ఏళ్లపాటు రచనపై హక్కు నిలిచి ఉంటుంది. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలను ఎవరైనా ముద్రించుకోవచ్చు. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై హక్కు 2043 చివరి వరకు కొనసాగుతుంది. గ్రామంలో పాట పాడినవారిని అడిగి, వారి అంగీకారం పొంది, వారి పేరును డిస్కుపై చేర్చడం మర్యాద కూడా.

ఇన్ని విషయాలు విచారించి రాసిన డిస్కుతో పాటు ఒక చిన్న కాగితం కూడా ఉంచాలి. ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఏ సంచికతో, ఏ తేదీన రాశారో, ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఏదో, పాటలు ఎవరివో, వారు ఇచ్చిన అనుమతి ఏమిటో అందులో నమోదు చేయాలి. ఇరవై ఏళ్ల తరువాత ఆ డిస్కును తెరవబోయే విద్యార్థికి ఆ కాగితమే తొలి ఆధారమవుతుంది.