మీకు తెలుసా? పర్సుది ఒక లెక్క, మనసుది ఇంకో లెక్క!

దారిలో 100 రూపాయలు దొరికితే ఎంత సంబరం! అదే 100 జేబులోంచి జారిపోతే ఎంత బాధ! రెండూ సమానమే అనుకుంటున్నారు కదూ? కానే కాదు! పోయిన బాధ, దొరికిన సంతోషానికి సుమారు 2 రెట్లు! డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చిన సంగతి ఇది. అంటే 100 పోగొట్టుకున్న మనిషిని ఊరడించడానికి ఇంకో 100 చాలదన్నమాట!

వీళ్లిద్దరిదే ఇంకో తమాషా వినండి. 15 డాలర్ల కాలిక్యులేటర్. ఇరవై నిమిషాలు కారులో వెళ్తే ఇంకో కొట్లో 5 డాలర్లు తక్కువకే వస్తుంది. వెళ్తారా? 68 శాతం మంది వెళ్తామన్నారు! సరే, ఇప్పుడు కాలిక్యులేటర్ ధర 125 డాలర్లు. దూరం అదే. మిగిలేదీ అదే 5 డాలర్లు. ఈసారి వెళ్తామన్నది 29 శాతమే! అదే 5 డాలర్లండీ బాబూ! మనం మాత్రం తక్కువ తిన్నామా? రైతుబజార్లో తోటకూర కట్ట దగ్గర 5 రూపాయల కోసం పావుగంట బేరం. "రోజూ నీ దగ్గరే కొంటాను కదమ్మా" అంటూ కొసరు పచ్చిమిరపకాయలు కూడా సంచిలో వేయించుకుంటాం. అట్నుంచటే బంగారం కొట్టుకెళ్తాం. తరుగు కింద ఎంత వేశాడో బిల్లు కూడా తిప్పి చూడం!

బోస్టన్‌లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకి వేలంపాట పెట్టారు. కొందరు నగదే ఇవ్వాలి. మిగతావాళ్లు క్రెడిట్ కార్డే గీకాలి. అంతే తేడా! కార్డు వాళ్ల పాట నగదు వాళ్ల పాటకి దాదాపు 2 రెట్లు పలికింది! ఎంఐటీ పరిశోధకుల ప్రయోగం ఇది. నోటు చేయి దాటుతుంటే చురుక్కుమంటుంది. కార్డుకి ఆ చురుకు లేదు మరి!

ఇక ఫోన్ సంగతి చెప్పనా? 2025 ఆగస్టు ఒక్క నెలలోనే మన దేశంలో యూపీఐ చెల్లింపులు 2,000 కోట్లు దాటాయి! రూపాయలు కాదండోయ్, చెల్లింపుల సంఖ్య! టీ కొట్టు మీది చిన్న పెట్టె "పది రూపాయలు వచ్చాయి" అని కొట్టాయనకి అరిచి చెబుతుంది. "పది రూపాయలు పోయాయి" అని మన చెవిలో అరిచే పెట్టె ఇంకా రాలేదు!

పెద్ద నోటు మార్చబుద్ధి కాదు కదా? అది మీ ఒక్కరి చాదస్తం కాదు! అమెరికాలో కొందరు విద్యార్థులకి ఒక డాలర్ నోటు ఇచ్చారు. మరికొందరికి అదే డాలర్‌ని నాలుగు పావలాలుగా ఇచ్చారు. చిల్లర అందుకున్నవాళ్లలో 63 శాతం మంది ఖర్చు పెట్టేశారు. నోటు ఉన్నవాళ్లలో ఖర్చు పెట్టింది అందులో సగం మంది కూడా లేరు!

ఒకటే గౌను. ఒక ధర 34 డాలర్లు. ఇంకో ధర 39. ఏది ఎక్కువ అమ్ముడైంది? 39! అవును, ఎక్కువ ధరే! చివర్న 9 కనిపిస్తే చాలు, చవక అనుకుని చేయి చాస్తాం!

ఇప్పుడు చెప్పేది కాస్త నిదానంగా వినండి. తమిళనాడులో 464 మంది చెరకు రైతులు. కోతకు ముందు చేతిలో చిల్లిగవ్వ ఉండదు. కుదువ, చేబదులు, రేపటి గండం! కోత అయ్యాక డబ్బు కళ్లబడుతుంది. ఈ రెండు సమయాల్లోనూ అదే రైతుకి తెలివిని కొలిచే పరీక్షలు పెట్టారు. కోత తర్వాత చకచకా ఇచ్చిన జవాబులు కోతకు ముందు తడబడ్డాయి! మనిషి అదే! బుర్ర అదే! రాత్రంతా నిద్ర లేకపోతే మెదడు ఎంత మొద్దుబారుతుందో, డబ్బు బెంగతోనూ దాదాపు అంతే మొద్దుబారుతుందట! "తెలివి లేకే అప్పులపాలయ్యాడు" అని పెళ్లి పందిట్లో నోరు పారేసుకునే చుట్టాలుంటారే, వాళ్లకి ఈ ముక్క తప్పకుండా వినిపించండి!

పక్కింటాయనకి లాటరీ తగిలితే మీకేం నష్టం? ఉంది! కెనడాలో లెక్క తీశారు. గెలుపు సొమ్ము 1,000 డాలర్లు పెరిగేకొద్దీ ఇరుగుపొరుగులో దివాలాలు 2.4 శాతం పెరిగాయి! గెలిచినాయన కాదు, పక్కవాళ్లు దివాలా! ఆయన కారు కొన్నాడని వీళ్లూ కొన్నారు. ఆయనది లాటరీ సొమ్ము. వీళ్లది అప్పు!

షేర్ల విషయంలో మగవాళ్లకి చేయి ఊరుకోదట! అమెరికాలో 35 వేల ఇళ్ల ఖాతాలు తిరగేస్తే, ఆడవాళ్లకంటే మగవాళ్లు 45 శాతం ఎక్కువగా కొనుగోళ్లూ అమ్మకాలూ చేశారని తేలింది. మరి లాభం? ఆ హడావుడికి వాళ్లదే ఎక్కువ తరిగిపోయింది!

షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన మాట ఇది, గుండె దిటవు చేసుకోండి! ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన మామూలు మనుషుల్లో మూడేళ్లలో నష్టపోయినవాళ్లు 93 శాతం! అసలు విడ్డూరం అది కాదు. చేయి కాలినవాళ్లలో నూటికి 75 మంది పైగా మళ్లీ అక్కడే చేయి పెట్టారు!

క్రెడిట్ కార్డు బిల్లు 10,000 వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో "కనీస మొత్తం 500". హమ్మయ్య అని 500 కట్టేశారు. ఎంత అప్పు తీరిందో చెప్పండి? కాగితం తీయండి, నేనే వేస్తాను. వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుందాం. అంటే 350. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. అంటే 63. రెండూ కలిపి 413. మీ 500లోంచి అది పోతే? అసలుకి చేరింది 87 రూపాయలు! అక్షరాలా ఎనభై ఏడు! ఈలోగా కార్డుతో ఇంకో బిర్యానీ తెప్పించుకున్నారా? ఆ 87 కూడా గోవిందా!

"అయిదు రూపాయల వడ్డీయే కదా" అని తీసుకుంటారు. నూటికి, అదీ నెలకి! వడ్డీ కట్టకుండా అసల్లో కలుపుకుంటూ పోతే అప్పు రెట్టింపు అయ్యేది ఎన్నాళ్లకో తెలుసా? 15 నెలలకే! చిట్కా కావాలా? 72ని నెల వడ్డీ శాతంతో భాగించండి. ఎన్ని నెలలకి రెట్టింపో ఇంచుమించుగా వచ్చేస్తుంది!

ఇంటి అప్పు 30 లక్షలు. వడ్డీ 8.5 శాతం. గడువు ఇరవై ఏళ్లు. నెల వాయిదా 26 వేల పైచిలుకు. మొదటి నెల అసలుకి జమయ్యేది 4,785 రూపాయలే! మిగతాదంతా వడ్డీ! అయితే ఒక కిటుకుంది. ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కట్టండి. మూడేళ్ల పైనే గడువు ఎగిరిపోతుంది! మారే వడ్డీ మీద తీసుకున్న సొంత ఇంటి అప్పుకి ముందుగా కట్టినా జరిమానా వేయకూడదు!

నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారాని తరిమికొట్టారని అందరికీ తెలుసు. ఆ తర్వాత ఏం చేశారో తెలుసా? పొదుపు మొదలెట్టారు! పేరు పొదుపు లక్ష్మి. రోజుకి ఎంత? 1 రూపాయి! సారా కొట్టుకి పోయే డబ్బు సంఘం పెట్టెలోకి మళ్లింది!

పోపుల డబ్బాలో, బియ్యం డబ్బా అడుగున, పట్టుచీర మడతలో... ఆడవాళ్ల రహస్య బ్యాంకులన్నీ 2016 నోట్ల రద్దుకి ఒక్కసారే బయటపడ్డాయి! పాపం, ఆయనకి తెలియకుండా కూడబెట్టిందంతా ఆయనచేతే బ్యాంకులో వేయించాల్సి వచ్చింది! అయినా ఆ కష్టానికి గౌరవం దక్కింది. గృహిణులు అప్పుడు వేసుకున్న 2.5 లక్షల వరకు సొమ్ముని వాళ్ల ఆదాయంగా లెక్కగట్టొద్దని ఆగ్రాలోని ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ చెప్పేసింది!

ఇది గుట్టుగా చెబుతున్నా. ఆదాయపు పన్ను సోదాలు జరిగినా పెళ్లయిన స్త్రీ నగలు 500 గ్రాముల దాకా పట్టుకుపోకూడదని 1994 నుంచీ ఆదేశం ఉంది! మన లెక్కలో 62 కాసుల పైనే!

పీపీఎఫ్‌లో డబ్బు వేస్తున్నారా? ఏ తారీఖున? 5వ తారీఖు దాటాక వేస్తే ఆ నెలకి ఆ సొమ్ము మీద వడ్డీ సున్నా! ఒక్క రోజు బద్ధకానికి ఒక నెల వడ్డీ!

ఒకే బ్యాంకు. మూడు ఊళ్లలో మూడు శాఖలు. మూడింటిలోనూ డిపాజిట్లు. బ్యాంకు మునిగితే మూడింటికీ విడివిడిగా బీమా వస్తుందనుకుంటున్నారా? రాదు! అన్నీ కలిపి, వడ్డీతో సహా, 5 లక్షలే! వేరే బ్యాంకులో వేస్తే మాత్రం అక్కడ మళ్లీ 5!

పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ ఒక బీమా ఉంది. ఉద్యోగి జీతంలోంచి పైసా కోయరు! సర్వీసులో ఉండగా మనిషి పోతే ఇంటివాళ్లకి గరిష్ఠంగా 7 లక్షలు! ఏడుపుల మధ్య ఆ బీమా గురించి ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఈ ముక్క ఈ రాత్రి అన్నం దగ్గరే ఇంట్లో చెప్పేయండి!

1874 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది! భార్యాపిల్లల పేరిట ఆ చట్టం కింద జీవిత బీమా తీసుకుంటే, రేపు ఇంటాయన అప్పుల్లో కూరుకుపోయినా ఆ సొమ్ము జోలికి అప్పులవాళ్లు రాలేరు! పాలసీ తీసుకునేటప్పుడే ఒక ఫారం నింపాలి. తర్వాత నింపుతానంటే కుదరదు!

డబ్బుతో సంతోషం కొనొచ్చా? కొనొచ్చు! కెనడాలో పొద్దున్నే కొందరికి కవర్లిచ్చారు. కొందరి కవర్లో 5 డాలర్లు, కొందరి కవర్లో 20. సాయంత్రంలోగా ఖర్చు పెట్టేయాలి. సొంతానికి వాడుకున్నవాళ్లకంటే ఎవరికోసమో ఖర్చు పెట్టినవాళ్లే హుషారుగా కనిపించారు! కవర్లో ఎంత ఉందన్నది లెక్కలోకే రాలేదు!

ఇక అసలు రహస్యం. మన బ్యాంకుల్లో పదేళ్లకు పైగా ఎవరూ అడగని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. 2024 మార్చి ఆఖరుకి అది 78,213 కోట్లు! పెట్టిన మనిషి పోయాడు. పాస్‌బుక్కు పాత ట్రంకుపెట్టెలో చెదలు పట్టింది. ఇంట్లోవాళ్లకి ఊసే లేదు! కానీ ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు. ఎన్నేళ్లయినా వారసులు అడిగి తీసుకోవచ్చు! ఉద్గమ్ అని రిజర్వు బ్యాంకు పోర్టల్ ఉంది, వెతకడానికి రుసుము లేదు. తాతగారి పేరు, బ్యాంకు పేరు, పుట్టిన తేదీ కొట్టండి. ఇంటిపేరు రెండు మూడు రకాలుగా రాసి చూడండి, ఆ రోజుల్లో గుమస్తా ఎలా రాసుకున్నాడో ఏమో!