టవరు ఎంత దూరం పలుకుతుంది?

ఆయన బాయి దిగారు, ఫోను కలవడం లేదు. మనసు ఊరుకుంటుందా? గోదావరిఖనిలో ఈ గుబులు ఎరగని ఇల్లాలు అరుదు.

ఇంట్లోని వైఫై పెరటి గోడ దాటితే నీరసిస్తుంది. ఊరంతటికీ ఒక్క టవరు నుంచే తీగ లేకుండా ఇంటర్నెట్టు అందించాలని 2001లో ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ 802.16 అనే ప్రమాణాన్ని ఆమోదించింది. ప్రమాణమంటే మరేం లేదు, ఏ కంపెనీ బల్బయినా మన హోల్డరులో పడుతుంది చూడండి, అలాంటి ఒడంబడిక. దాని వాడుకపేరు వైమాక్స్. అడ్డు లేకుంటే 50 కిలోమీటర్లు పోతుందన్నారు. అంటే రామగుండం నుంచి పెద్దపల్లి దాటి! కానీ దూరం పెరిగినకొద్దీ వేగం తగ్గుతుంది. గోడలు, చెట్లు అడ్డమైతే మరీను. 2010లో మన దేశంలో ఇలాంటి సేవలకోసం తరంగాలు వేలం వేశారు. కొన్న కంపెనీలు చివరికి ఎల్.టి.ఇ. అనే మరో ప్రమాణం వైపే మొగ్గాయి. మన చేతుల్లోని 4జి అదే.

ఏదైనా భూమి పైనే సుమండీ. బొగ్గూ రాయీ ఈ తరంగాలను మింగేస్తాయి. పైగా గ్యాసు భయంవల్ల మామూలు సెల్‌ఫోను లోపలికి తీసుకుపోకూడదు. ఓపెన్‌కాస్టు సంగతి వేరు, అక్కడ నెత్తిన ఆకాశమే. బాయి లోపల ఉండేది తీగల టెలిఫోను. అందుకని కబురు అత్యవసరమైతే ఆయన సెల్లుకు పదిసార్లు చేయకండి, గని ఆఫీసుకు చేయండి. ఆ నంబరు ఈరోజే అడిగి, వంటింటి క్యాలెండరు మీద రాసుకోండి.