పొయ్యిమంటకును పరదేశ యుద్ధమునకును గల చుట్టరికము

2022వ సంవత్సరము ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తెను. మరుసటి నెలలోనే మన హైదరాబాదున 14.2 కిలోల గ్యాసుబండ వెల వేయి రూపాయలు దాటెను. జూలైలో 1,105 అయ్యెను. యుక్రెయినునుండి మనకు వంటగ్యాసు రాదు గదా, వెల యేల పెరిగెనని కొండాపూరులో ఇరుగుపొరుగమ్మలు మమ్మడుగుచుందురు.

మన దేశము కాల్చు వంటగ్యాసులో సగమునకు మించినది ఓడలపై వచ్చినదే. అందు పెద్దపాలు అరబ్బు దేశములనుండి హోర్ముజు జలసంధి దాటి వచ్చుచుండెను. సౌదీవారు నెలనెల డాలర్లలో ప్రకటించు ధరయే మనకు కొలబద్ద. ఐరోపావారు రష్యా ఇంధనము మాని యితరుల సరకుపై బడగా నా కొలబద్ద యెగసెను. మన రూపాయియు నాయేడు డాలరు ముందు చిక్కిపోయెను.

ఇంటిబండ వెలను అంతమేర పెరుగనీయలేదన్న మాట నిజమే. కాని 2022 అక్టోబరులో చమురు కంపెనీల నష్టమునకై కేంద్రమిచ్చిన 22,000 కోట్లు మన పన్నుల సొమ్ము కాదా? ఉద్యోగినులుండు ఇచ్చటి హాస్టళ్లకు ఆపాటి నీడయు లేదు. వారు కొను 19 కిలోల బండ ఆ యేడు 2,000 రూపాయలు దాటెను. దోసెలు మాని ఉప్మాకు దిగిన హాస్టలు నొకదాని నెరుగుదుము. దోసె యొక్కొక్కటిగా గ్యాసు త్రాగును, ఉప్మా యొక్క గిన్నెతో ముగియును.

నిలువయో, విశాఖపట్టణమున రాతిక్రింద 60,000 టన్నుల గ్యాసు దాచు గుహ కలదు. వినుటకు ఘనమే, దేశమున కది యొకనాటి వంటకైనను చాలదు.

అందుచే మేము రెండవ పొయ్యిగా కరెంటుది పెట్టుకొంటిమి. సింగరేణి బొగ్గునకు సముద్రము దాటు పనిలేదు. పుల్కాలు మాత్రము దానిపై పొంగుట లేదు.